బాక్సు సరే... క్యారియర్ సంగతేంది?

లీటర్లు చూసి కొంటాం. రోడ్డు మీద బండి మోసేది కిలోలు. మోటార్ సైకిల్ వెనక బాక్సు బిగించుకోవాలనుకునే వాళ్లు ముందు కోడుమూరు దారుల్లో పాలక్యాన్ల వాళ్లనూ ఎక్సెల్ బండి రైతులనూ గమనిస్తే సగం పాఠం అక్కడే దొరుకుతుంది.

కర్నూలు నుంచి బళ్లారి దిక్కు పోయే రోడ్డులో నలభై కిలోమీటర్లకు అటూ ఇటూగా కోడుమూరు వస్తుంది. పక్కనే హంద్రీ. ఊళ్లో మగ్గాలు, చుట్టూ పత్తి, ఆముదం, ఎర్రగడ్డల చేలు. పొద్దున పూట ఆ రోడ్డు పక్కన నిలబడి వచ్చే బళ్లను వదిలేసి, వాటి మీదున్న సామాన్లను చూడండి. పాలక్యాన్లు, దాణా సంచులు, ట్యూబు రబ్బరుతో బిగించి కట్టిన మందు కొట్టే పంపు, తెల్లగుడ్డలో చుట్టిన చీరల మూట, కాళ్లు కట్టేసిన మేకపిల్ల. ఒకప్పుడు ఎద్దులబండి చేసిన పనంతా ఇప్పుడు వంద సీసీ ఇంజన్ నెత్తిన పడింది.

ఈ మధ్య ఈ వరుసలో సీటు వెనక నల్లటి ప్లాస్టిక్ బాక్సు కూడా చేరింది. మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌కు శాంపిళ్లు పెట్టుకోవడానికి, ఫైనాన్స్ వసూళ్లకు తిరిగే కుర్రాడికి రసీదు పుస్తకాలు దాచుకోవడానికి, చీరల వ్యాపారికి సరుకు మీద దుమ్ము పడకుండా ఉండటానికి, ఆదివారం గండికోటకో బెలుం గుహలకో పోయే జంటకు బట్టలు సర్దుకోవడానికి అది కావాలి. హెల్మెట్ ఎక్కడ పెట్టుకోవాలన్న పాత సాకు కూడా దాంతో తీరిపోతుంది. తాళం వేసి దిగి వెళ్లొచ్చు.

కొనేటప్పుడు అందరూ అడిగేది ఒకటే: ఎన్ని లీటర్లు? ముప్పయ్యా, నలభై అయిదా? రెండు హెల్మెట్లు పడతాయా? కింద ఉండే ఇనుప క్యారియర్ ఎన్ని కిలోలు మోస్తుందని అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సిన మొదటి ప్రశ్న మాత్రం అదే.

మూట నుంచి పెట్టె దాకా

ఈ సీమలో బరువులు మోసుకుపోయే వ్యాపారం కొత్తది కాదు. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టిన కాలానికి నేతగాడి సరుకు నెత్తిన మూటగానో బండిలో బేళ్లుగానో కదిలేది. తర్వాత సైకిల్ వచ్చింది. దాని వెనక స్ప్రింగు పట్టీ ఉన్న క్యారియరే ఊరూరా తిరిగే అమ్మకందారుకు అంగడి అయింది. 1980లో టీవీఎస్ 50 రోడ్డెక్కాక మూటకు ఇంజన్ తోడైంది. 1985లో హీరో హోండా సీడీ 100, 1994లో స్ప్లెండర్ వచ్చాక పల్లె ఇంటి ముందు బండి నిలబడటం మామూలైపోయింది. బండి మారినా సామాను కట్టే పద్ధతి మాత్రం మారలేదు. తాడు, ట్యూబు రబ్బరు, గోనెసంచి.

తాళం వేసే గట్టి పెట్టె వేరే దారిలో వచ్చింది. ఇటలీలో గ్రాండ్ ప్రి రేసుల్లో పాల్గొన్న జుసెప్పె విసెంజి 1978లో గివి అనే కంపెనీ పెట్టాడు. బండికి పట్టే బేస్‌ప్లేట్, దాని మీద టక్కున కూర్చుని తాళంతో ఊడివచ్చే బాక్సు అనే పద్ధతిని ప్రపంచమంతా పరిచయం చేసిన కంపెనీల్లో అదొకటి. 1980లో హోండా గోల్డ్‌వింగ్ ఇంటర్‌స్టేట్ ఫ్యాక్టరీ నుంచే పక్క బాక్సులు, వెనక బాక్సుతో బయటికొచ్చింది. అవన్నీ పెద్ద ఇంజన్లు, బరువైన ఫ్రేములు, నున్నటి హైవేల కోసం పుట్టిన ఆలోచనలు. మనం వాటిని తెచ్చి 112 కిలోల స్ప్లెండర్ మీద కూర్చోబెట్టి, గుంతల దారిలో నడుపుతున్నాం. తప్పేం లేదు, కానీ లెక్క మారుతుంది.

జపాన్ వాళ్లు చిన్న బండికి తగ్గ దారి ఇంకోటి వెతుక్కున్నారు. అక్కడ హోటళ్ల నుంచి ఇళ్లకు నూడుల్స్ చారు గిన్నెలు మోసే బళ్ల వెనక దెమాయెకి అనే ర్యాకు ఉంటుంది. స్ప్రింగుల మీద వేలాడే ఆ పళ్లెం బండి ఎటు ఊగినా తను సమంగా ఉంటుంది, చారు ఒలకదు. 1958లో పుట్టి, 2017లో పది కోట్ల బళ్ల మైలురాయి దాటిన హోండా సూపర్ కబ్ లాంటి చిన్న బళ్ల వెనక ఈ ర్యాకులు ఊళ్లు తిరిగాయి. పెట్టె కన్నా ముందు దాన్ని పట్టుకునే ఇనుము గురించి ఆలోచించిన తీరు అది.

జానెడు ముందుకా, వెనక్కా?

బాక్సు బిగించే రోజు మెకానిక్ షాపులో మొదలయ్యే తగువు ఒకటుంది. బాక్సు ముందుకు జరిపితే వెనక కూర్చునే ఇంటావిడకు చోటు చాలదు. మన దగ్గర చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునేవాళ్లే ఎక్కువ. అలా కూర్చున్నప్పుడు నడుముకు బాక్సు మూల గుచ్చుకుంటుంది. "ఇంకో జానెడు వెనక్కి జరుపన్నా" అంటారు. మెకానిక్ జరుపుతాడు. అందరికీ సుఖంగానే ఉంటుంది. బండికి తప్ప.

ఎందుకో చూడాలంటే వెనక చక్రం ఇరుసును ఏతానికి ఆధారంగా ఉండే గుంజ అనుకోండి. గుంజకు వెనక వైపు బరువు పెరిగితే ముందు కొస పైకి లేస్తుంది. స్ప్లెండర్‌లో రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం 1236 మిల్లీమీటర్లు. సామానుతో కలిపి పది కిలోలున్న బాక్సు నడిమధ్య వెనక ఇరుసుకు 20 సెంటీమీటర్లు వెనకగా ఉంటే ముందు చక్రం మీద నుంచి కిలోన్నరకు పైగా బరువు తగ్గుతుంది. అదే బాక్సును 40 సెంటీమీటర్ల దూరానికి జరిపితే మూడు కిలోలకు పైగా తగ్గుతుంది. ఆ తగ్గినదంతా పోయి వెనక చక్రం మీద పడుతుంది. అంటే పది కిలోల పెట్టె వెనక టైరుకు పదమూడు కిలోలైంది.

మూడు కిలోలేగా అనిపిస్తుంది. కానీ ఈ లెక్క నిలబడి ఉన్న బండిది. గుంతలో పడి లేచేటప్పుడు అదే పెట్టె రెండింతలు, మూడింతల బలంతో క్యారియర్‌ను కిందికి లాగుతుంది. వెనక మనిషి కూడా ఉంటే ముందు చక్రం ఇంకా తేలికవుతుంది. హ్యాండిల్ చేతిలో వదులుగా ఊగినట్టు ఉంటుంది. మలుపులో బండి అనుకున్న దానికన్నా వెడల్పుగా తిరుగుతుంది. వెల్దుర్తి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి ఎనభై దాటినప్పుడు పక్కనుంచి లారీ దూసుకుపోతే, ఎత్తులో ఉన్న ఆ పెట్టెకు గాలి తగిలి బండి వెనక భాగం పాములా మెలికలు తిరగడం మొదలవుతుంది. అప్పుడు ఒక్కసారిగా బ్రేకు తొక్కకూడదు. హ్యాండిల్‌ను బిగదీసి పట్టుకోకుండా, మెల్లగా యాక్సిలరేటర్ తగ్గించుకుంటూ వేగం దించాలి.

కాబట్టి షాపులో తగువు తీర్చే పద్ధతి ఇదీ: ముందు ఇద్దరూ బండెక్కి, రోజూ కూర్చునేట్టే కూర్చోవాలి. వెనక మనిషి వీపుకు నాలుగు వేళ్ల సందు వదిలి, అక్కడి నుంచి బాక్సు మొదలవ్వాలి. అంతకన్నా ఒక్క అంగుళం కూడా వెనక్కి పోకూడదు. ఆ చోటు చాలకపోతే చిన్న బాక్సు తీసుకోవాలి గానీ, పెద్ద బాక్సు కోసం క్యారియర్ పొడిగించకూడదు.

పాలాయన లెక్క

ఇప్పుడు మళ్లీ రోడ్డు మీదికి రండి. పాలు పోసే ఆయన క్యాన్లను ఎక్కడ వేలాడదీస్తాడు? సీటుకు రెండు పక్కలా, కిందికి, వెనక ఇరుసుకు దగ్గరగా. క్యారియర్ మీద నిటారుగా పెట్టడు. ఎక్సెల్ బండి రైతు బియ్యం మూటను ఎక్కడ పెట్టుకుంటాడు? తన కాళ్ల ముందు, రెండు చక్రాల నడుమ. తొంభై కిలోల లోపు బరువుండే ఆ బండి 130 కిలోలు మోస్తుందని కంపెనీ చెబుతుంది. ముందున్న ఆ చదునైన చోటే లేకపోతే అంత బరువుతో దాన్ని నడపడం ఎవరి తరమూ కాదు. వీళ్లెవరూ లెక్కలు కట్టి పెట్టలేదు. బండి ఎక్కడ ఊగుతుందో, ఎక్కడ నిలుస్తుందో చేతులతో తెలుసుకున్నారు.

వాళ్ల అనుభవంతో కొలిస్తే వెనక బాక్సు ఉండే చోటు బరువుకు అన్నిటికన్నా చెడ్డది. ఎత్తులో ఉంటుంది, ఇరుసు దాటి ఉంటుంది. అదే చోటు తేలిగ్గా ఉండి చోటు ఎక్కువ పట్టే సామానుకు చాలా మంచిది. హెల్మెట్, వాన కోటు, దుప్పటి, రసీదు పుస్తకాలు, మార్చుకునే బట్టలు. బాక్సును ఇలా చూడటం మొదలుపెడితే కొనేటప్పుడు, బిగించేటప్పుడు, నింపేటప్పుడు వచ్చే సందేహాలు చాలావరకు వాటంతటవే తీరతాయి.

లెక్క వేయండి. కంపెనీ క్యారియర్ల మీద చాలాసార్లు అయిదు కిలోలనో పది కిలోలనో హద్దు రాసి ఉంటుంది. 45 లీటర్ల ఖాళీ బాక్సు, దాని బేస్‌ప్లేట్ కలిపి నాలుగైదు కిలోలు తూగుతాయి. అంటే అయిదు కిలోల క్యారియర్ మీద అది పెట్టగానే హద్దు అయిపోయింది. అందులో ఇరవై చీరలు సర్దితే, ఒక్కోటి అరకిలో పైనే కాబట్టి, మొత్తం పదిహేను కిలోలు. సంతలో చవగ్గా దొరికాయని ఎర్రగడ్డలు నింపితే పాతిక కిలోలు దాటొచ్చు. మూత పడింది కదా అని మనం అనుకుంటాం. కింద వెల్డింగ్ అతుకు ఏమనుకుంటుందో ఎవరూ అడగరు.

బిగించే పద్ధతి

బాక్సు ఊడి రోడ్డున పడిందంటే బాక్సు పగలడం అరుదు. ఊడేది నట్టు, విరిగేది క్యారియర్ పైపు. అందుకే పని కింది నుంచి మొదలుపెట్టాలి.

ముందుగా క్యారియర్ బండి ఫ్రేముకు పట్టిందా, వెనక ప్లాస్టిక్ ప్యానెల్‌కు పట్టిందా చూడాలి. ఫ్రేములోని ఇనుప బోల్టు రంధ్రాలకే పట్టాలి. పాత గ్రాబ్ రైలు తీసేసి దాని బోల్టులనే వాడుతుంటే, క్యారియర్ పట్టీ మందం కలిసింది కాబట్టి అవి పొట్టివైపోతాయి. నట్టులోంచి కనీసం రెండు మరలు బయటికి కనబడాలి. కనబడకపోతే పొడవైన బోల్టులు తెచ్చుకోవాలి. సందు ఉన్న చోట ఇనుప బుష్ వేయాలి. నాలుగు వాషర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి సరిపెట్టడం వద్దు.

బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి నిలబెట్టాలి. ఒకటి పూర్తిగా బిగించేసి రెండోదానికి పోతే క్యారియర్ ఒక పక్కకు లాగి, నాలుగో రంధ్రం కలవదు. అప్పుడు సుత్తితో కొట్టి కలుపుతారు. ఆ కొట్టిన చోటే ఆరు నెలలకు బీట పడుతుంది. అన్నీ కూర్చున్నాక ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి.

ఎంత బిగించాలి? పది నంబరు పానా పట్టే ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు పది న్యూటన్ మీటర్లు చాలు. జానెడు పొడవు పానా చివర అయిదు కిలోల బలంతో లాగినంత. పన్నెండు, పదమూడు నంబరు పానా పట్టే ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకు దానికి రెండున్నర రెట్లు. పానాకు పైపు తొడిగి మీద ఎక్కి నిలబడితే బోల్టు బిగుసుకున్నట్టే అనిపిస్తుంది, మర మాత్రం లోపల సాగిపోయి ఉంటుంది.

తర్వాత బేస్‌ప్లేట్. దాన్ని క్యారియర్ కడ్డీలకు పట్టే క్లాంపులు నాలుగూ వీలైనంత ఎడంగా ఉండాలి. నాలుగూ మధ్యలో గుంపుగా ఉంటే ప్లేటు అంచులు ఊగుతాయి. కడ్డీకి, క్లాంపుకు మధ్య పాత ట్యూబు ముక్క పెడితే రంగు లేవదు, జారదు. నట్టులు నైలాక్ రకమే వాడాలి. వాటి లోపలి ప్లాస్టిక్ రింగు అదురుకు నట్టు తిరిగిపోకుండా పట్టి ఉంచుతుంది. ఒకసారి విప్పిన నైలాక్ నట్టును మళ్లీ వాడకుండా కొత్తది వేయడం మంచిది. చివరగా ప్రతి నట్టు మీద, పక్కన ప్లేటు మీద కలిసేట్టు పెయింటుతో సన్నటి గీత గీయించుకోండి. ఆ గీత రెండుగా విడిపోయిందంటే నట్టు తిరిగిందన్నమాట. పానా పెట్టకుండానే కంటికి తెలుస్తుంది.

పని అయ్యాక "ఏంగాదులే అన్నా, ఏనుగు ఎక్కినా ఊడదు" అన్న మాట ప్రతి షాపులోనూ వినబడుతుంది. ఆ మాటకు ముందు చిన్న పరీక్ష ఉంది. బాక్సును రెండు చేతులతో పట్టుకుని పక్కలకు గట్టిగా ఊపండి. బండి మొత్తం ఊగితే బిగింపు సరే. బాక్సు ఒక్కటే ఊగితే మళ్లీ విప్పాల్సిందే. కొత్త బిగింపు వంద కిలోమీటర్లు తిరిగేసరికి కుదురుకుని కాస్త వదులవుతుంది. అప్పుడొకసారి, ఆ తర్వాత నెలకొకసారి పానా పెట్టాలి.

బండిని కూడా బరువుకు తగ్గట్టు సర్దుకోవాలి. స్ప్లెండర్ లాంటి బళ్లలో వెనక షాకబ్జార్బర్లకు అయిదు మెట్లుంటాయి. బాక్సు, వెనక మనిషి రోజూ ఉండేట్టయితే ఒకటో రెండో మెట్లు పెంచాలి. రెండు పక్కలా ఒకే మెట్టు ఉండాలి. ఇద్దరు కూర్చున్నప్పుడు వెనక టైరులో ఎంత గాలి ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. వెనక భాగం కుంగితే హెడ్‌లైటు పైకి చూస్తుంది. రాత్రిపూట ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది. దాన్నీ దించుకోవాలి.

వెల్డింగ్ షాపుకు పోయే ముందు

కొనుక్కున్న క్యారియర్ సరిపోలేదని ఇనుప కడ్డీలు అతికించుకోవడం మన దగ్గర మామూలే. మన ఊరి వెల్డర్లు నాగలికి, ట్రాక్టరు ట్రాలీకి ప్రాణం పోసే పనివాళ్లు. వాళ్ల చేతిపనికి వంక లేదు. జాగ్రత్త వేరే చోట కావాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చాక వంద సీసీ బళ్లలోనూ కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్ వచ్చాయి. బండి మీద క్యారియర్ ఉండగానే వెల్డింగ్ పెడితే ఆ కరెంటు ఫ్రేము గుండా పోయి యూనిట్‌ను దెబ్బతీయొచ్చు. పెట్రోలు ట్యాంకు పక్కనే నిప్పురవ్వలు పడటం సరేసరి. క్యారియర్ విప్పి చేతికిచ్చి అతికించుకు రావాలి. విప్పలేని పరిస్థితైతే కనీసం బ్యాటరీ తీగలు తీసేయాలి.

అతుకు పక్కనే ఇనుము బలహీనపడుతుంది. వేడికి అక్కడ లోహం గుణం మారుతుంది, పూత కాలిపోతుంది, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. పైపు వంపు తిరిగిన చోట, అతుకు అంచున వెంట్రుకవాసి గీత కనబడితే అది దుమ్ము చార కావచ్చు, బీట కావచ్చు. గుడ్డతో తుడిచి చూస్తే తెలిసిపోతుంది.

చట్టం గీసిన గీత

బాక్సు పెట్టుకోవడం నేరమేమీ కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది మోటార్ సైకిల్‌కు వెనక మనిషి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టు, చీర చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని సగమైనా కప్పే గార్డు ఉండాలంటుంది. 2020 జులైలో కేంద్రం తేలికపాటి కంటెయినర్ సంగతి కూడా తేల్చింది. పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు మించకూడదు. దాన్ని వెనక సీటు మీదే పెడితే నడిపే మనిషి ఒక్కరే ఎక్కాలి. వెనక సీటు దాటి పెడితే రెండో మనిషి ఎక్కొచ్చు, అయితే మొత్తం బరువు కంపెనీ చెప్పిన హద్దులో ఉండాలి.

ఆ కొలతలను గుణిస్తే బయటి పరిమాణం 140 లీటర్లు. మన బజారులో దొరికే బాక్సులు అందులో మూడో వంతు. కాబట్టి కొలతలో తప్పడం కష్టం, బరువులో తప్పడమే సులువు. బాక్సు నంబరు ప్లేటునూ వెనక లైటునూ ఇండికేటర్లనూ కప్పకుండా చూసుకోవాలి. ఇక బండి వెనక భాగాన్నే కోసి ట్రాలీలా మార్చుకోవడం వేరే వ్యవహారం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అందుకు ఒప్పుకోదు. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఎండ, దుమ్ము, వాన

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలిపిన నల్లటి బాక్సు లోపల అంతకన్నా ఎక్కువ వేడి ఉంటుంది. ఇన్సులిన్, టానిక్కులు, పవర్ బ్యాంకు, సెంటు సీసాలు అందులో వదిలి పోకూడదు. పల్లెలకు టీకాలు బండి మీద తీసుకుపోయే ఆరోగ్య సిబ్బంది వాటిని మామూలు పెట్టెలో పెట్టరు. నాలుగు ఐస్ ప్యాక్‌లు సర్దిన వ్యాక్సిన్ క్యారియర్‌లో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచుతారు. ఇంటికి మందులు తెచ్చుకునేవాళ్లకు అంత అవసరం లేదు గానీ, బండిని నీడన పెట్టడమైనా నేర్చుకోవాలి.

మూత అంచున ఉండే రబ్బరు బీడింగ్ మీదే దుమ్మూ వానా ఆగుతాయి. వారానికోసారి తడిగుడ్డతో తుడిస్తే అది ఎండి పగలదు. లోపల బరువైనవి అడుగున, ముందు వైపు. తేలికైనవి పైన. సగం ఖాళీగా ఉంటే సామాను దొర్లకుండా దుప్పటో తువ్వాలో కుక్కాలి. దొర్లే రెండు కిలోల తాళం గొలుసు మలుపులో బండిని పక్కకు లాగగలదు.

దీనంతటికీ అమ్మేవాళ్ల నుంచి కావలసిన మార్పు ఒక్కటే. బాక్సు పెట్టె మీద లీటర్లు ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటాయో, క్యారియర్ మోసే కిలోలు కూడా అంత పెద్దగా ఉండాలి. అప్పటిదాకా కొనేవాళ్లే ఆ పని చేసుకోవచ్చు. బాక్సు బిగించిన బిల్లు మీద "ఈ క్యారియర్ ఇన్ని కిలోలు మోస్తుంది" అని ఒక్క వాక్యం రాసిమ్మని అడగండి. షాపాయన ధైర్యంగా రాస్తే డబ్బులు కట్టండి. తల గోక్కుంటే ఇంకో షాపుకు పోండి.